వేడర్ కారుతోందా? గమ్ము కొనే ముందు గుడ్డ ఏదో చూడండి

వేడర్‌లోకి, అంటే తడవకుండా నీళ్లలో దిగడానికి వేసుకునే ప్యాంటులోకి, నీళ్లొస్తున్నాయని బెజవాడలో ఎవరికైనా చెప్పి చూడండి. "పంక్చర్ షాపులో ఇచ్చెయ్ అన్నా, పది నిమిషాల పని" అంటారు. పక్కనున్నాయన "దానికంత దూరం ఎందుకు, ఫెవిక్విక్ చుక్క వెయ్యి" అంటాడు. ఇంకొకాయన ఎం-సీల్ అంటాడు. మూడూ మంచి సరుకులే, మూడూ వీధి చివర్లో దొరుకుతాయి. కానీ మన దగ్గర ఎక్కువమంది వాడే వేడర్‌కు మాత్రం మూడింటిలో ఏదీ నిలవదు.

కైకలూరు వైపు చేపల చెరువుల్లో దిగేవాళ్లు, నిజాంపట్నం వైపు రొయ్యల చెరువుల్లో చెక్ ట్రేలు చూసేవాళ్లు, కాలవల్లో గుర్రపుడెక్క తీసేవాళ్లు, బ్యారేజీ దిగువన గాలం వేసేవాళ్లలో సరదా ఉన్న కొందరు: వీళ్లలో వేడర్ కొన్నవాళ్ల దగ్గర ఉండేది చాలావరకు ఒకటే రకం. ఛాతీ దాకా వచ్చే ఆకుపచ్చ పీవీసీ ప్యాంటు, కింద దానికే అతికిన బూట్లు. స్పాంజిలాంటి నియోప్రీన్, గాలాడే గుడ్డ రకాలు ఇక్కడ తక్కువ. అందుకే ఈ రాతలో సింహభాగం పీవీసీకే. మిగతా రెండూ చివర్లో క్లుప్తంగా చెబుతాను.

ముందు, అది లీకేనా?

పీవీసీకి గాలాడదు. మే నెల ఎండలో రెండు గంటలు వేడర్‌తో తిరిగితే లోపలి ప్యాంటు పిండితే కారేలా తడుస్తుంది. బయట నీళ్లు చల్లగా ఉంటే ఒంటి ఆవిరి లోపలి గోడకు పట్టి చెమ్మగా దిగుతుంది. చాలామంది దీన్నే లీకు అనుకుని లేని చిల్లు కోసం గంటలు వెతుకుతారు. చెమటైతే రెండు కాళ్లూ ఒకేలా తడుస్తాయి, నడుము దగ్గర, తొడల దగ్గర ఎక్కువ. లీకైతే ఒక కాలే, ఒక చోటే మొదలై, బూటు అడుగున మడుగు కడుతుంది.

తేల్చుకోవాలంటే వేడర్‌ను బాగా ఆరబెట్టి, కాళ్లలో పాత న్యూస్‌పేపర్లు వదులుగా కుక్కి, తేలకుండా ఒక్కో బూటులో నిండు నీళ్ల సీసా పెట్టి, డ్రమ్ములో తొడ దాకా దించండి. అరగంట తర్వాత తీసి, బయటంతా తుడిచి, కాగితాలు జాగ్రత్తగా లాగి చూడండి. కాగితం మీద తడి మరక ఎక్కడుందో చిల్లు దాదాపు అక్కడే. పొడిగా ఉంటే మీ వేడర్‌కు ఏ జబ్బూ లేదు, మీరు కొనాల్సింది గమ్ము కాదు, లోపల వేసుకునే పల్చటి ప్యాంటు.

చిల్లు కచ్చితంగా ఎక్కడో పట్టుకోవడానికి రాత్రి లైట్లార్పి, లోపల బలమైన టార్చ్ పెట్టి, గుడ్డను కొద్దిగా సాగదీస్తూ చూడడం నాకు అన్నిటికన్నా నమ్మకమైన పద్ధతి. సర్కారు తుమ్మ ముల్లు చేసిన చిల్లు కూడా చుక్కలా మెరుస్తుంది. కుట్టులో ఉన్న లీకు మాత్రం ఈ వెలుగుకు దొరకదు. దానికి నడుము దగ్గర బిగించి, బ్లోయర్‌తో చల్లగాలి నింపి, సబ్బునీళ్లు పూయాలి. వేడర్‌ను నీళ్లతో నింపి ఎక్కడ కారుతుందో చూద్దామనే వాళ్లున్నారు. మోకాలి దాకా అయితే ఫరవాలేదు. లీటరు నీళ్లు కిలో బరువు, నడుము దాకా నింపి దండేనికి తగిలిస్తే బాగున్న కుట్లు కూడా తెగుతాయి.

చిల్లు దొరికాక చుట్టూ దూరంగా పెన్నుతో గుండ్రం గీయండి. చిల్లు మీదే గీస్తే సిరా గమ్ముకు అడ్డం పడుతుంది.

గుడ్డ ఏదో తేల్చడం

నియోప్రీన్‌ను చేత్తోనే గుర్తుపట్టొచ్చు: మందంగా, స్పాంజిలా నొక్కుకుంటుంది. గాలాడే రకం రెయిన్‌కోటు గుడ్డలా పల్చగా ఉంటుంది, చాలావాటికి కాలికి బూటు బదులు మేజోడు ఉంటుంది. అసలు తికమక పీవీసీకీ రబ్బరుకీ మధ్య, అదీ బూట్ల దగ్గర. నల్లగా ఉన్నంత మాత్రాన రబ్బరు కాదు, గమ్‌బూట్లలో పీవీసీవి బోలెడు.

అనుమానం ఉంటే ఇలా చేయండి. కరెంటు వైరు ఒలిచి లోపలి రాగి తీగ ఒకటి తీసుకుని, పట్టుకారుతో పట్టి, గ్యాస్ మంటలో పెట్టి, మంట మామూలు రంగుకు వచ్చేదాకా కాల్చండి. ఎర్రగా ఉన్న ఆ కొసను బూటు లోపలి అంచున ఆనించి, అంటిన కాస్త ప్లాస్టిక్‌తో మళ్లీ మంటలో పెట్టండి. మంట అంచు పచ్చగా వెలిగితే అందులో క్లోరిన్ ఉన్నట్టు, అంటే పీవీసీ. మామూలు రబ్బరుకు ఆ పచ్చదనం రాదు, నల్లపొగ, కాలిన టైరు వాసన వస్తాయి. నియోప్రీన్‌లోనూ క్లోరిన్ ఉంటుంది కాబట్టి దానికీ పచ్చగానే వెలుగుతుంది, కానీ ఆ స్పాంజిని పీవీసీ అనుకునేవాళ్లు ఉండరు. పీవీసీ కాలిన పొగ ఘాటైనది, మంచిది కాదు. గోరంత ముక్కతో, ఆరుబయట చేయండి.

ఇంకో విషయం కూడా ఇప్పుడే చూడాలి, దీన్ని చాలామంది వదిలేస్తారు. పీవీసీ పూత గుడ్డకు ఏ వైపు ఉంది? కొన్ని వేడర్లకు బయట నైలాన్ నేత, లోపల పీవీసీ. కొన్నిటికి బయటే నున్నటి పీవీసీ. బయట ఒక నీటిచుక్క వేసి వేలితో రాయండి. నేతలోకి ఇంకితే అది నైలాన్ వైపు. ప్యాచ్ ఎప్పుడూ పూత ఉన్న వైపే వేయాలి. నేత మీద వేస్తే ప్యాచ్ చెక్కుచెదరదు, నీళ్లు మాత్రం దాని కింద పోగుల వెంట నడిచి లోపలికొస్తాయి. రెండు వైపులా పూత ఉంటే బయటే వేయండి, అప్పుడు నీటి ఒత్తిడి ప్యాచ్‌ను లోపలికి అదిమి పెడుతుంది.

పీవీసీకి ఏది ఎంత పనికొస్తుంది

పంక్చర్ సొల్యూషన్, సైకిల్ ట్యూబు ప్యాచ్ రబ్బరు కోసం పుట్టినవి. అక్కడ సొల్యూషన్ రబ్బరుతో కలిసిపోతుంది, అందుకే ట్యూబు చిరిగినా ప్యాచ్ ఊడదు. పీవీసీతో అది కలవదు, పైన కూర్చుంటుంది అంతే. ఆ రోజుకు అతికినట్టే కనపడుతుంది. ఎండకు వేడెక్కి, మోకాలి దగ్గర నాలుగుసార్లు ముడుచుకునేసరికి అంచు లేస్తుంది. మీ బూటు నిజమైన రబ్బరైతే మాత్రం పంక్చర్ షాపును మించింది లేదు, కళ్లు మూసుకుని ఇచ్చేయండి.

ఆటోనగర్‌లో సీటు కవర్లు కుట్టేవాళ్లు వాడే ఎస్ఆర్ రకం గమ్ము, అంటే సింథటిక్ రబ్బరు గమ్ము, దీనికన్నా మెరుగు. రెండు వైపులా రాసి, ఆరనిచ్చి, అదిమితే వెంటనే పట్టేస్తుంది. చిక్కంతా తర్వాతే. పీవీసీని మెత్తగా ఉంచేది అందులో కలిపిన నూనెలాంటి ప్లాస్టిసైజర్. అది మెల్లగా బయటికి ఊరుతూ ఈ గమ్మును జిగురు పాకంలా మార్చేస్తుంది. మన వేడికి ఇంకా తొందరగా. ప్యాచ్ ఊడిపోదు, జారుతుంది. వేలితో తోస్తే పక్కకు నడుస్తుంది. అప్పుడు ఆ జిడ్డంతా తుడిచి మళ్లీ మొదలెట్టడం రెట్టింపు చాకిరీ. రేపు ఉదయమే చెరువులో చేపల పట్టుబడి ఉంది, ఇంకేమీ దొరకలేదు అన్నప్పుడు మాత్రమే దీని జోలికి వెళ్లండి.

ప్లంబర్ వాడే పీవీసీ పైపు సొల్యూషన్ చూస్తే లాజిక్ సరిగ్గా ఉన్నట్టే ఉంటుంది: ఇదీ పీవీసీ, అదీ పీవీసీ. నిజమే, అతుకుతుంది కూడా. కానీ అది కదలని పైపు కోసం చేసినది, ఆరాక గట్టిపడుతుంది. వేడర్ అడుగడుగునా ముడుచుకునేది కాబట్టి గట్టిపడ్డ చోట పెళుసుగా చిట్లుతుంది, చిట్లినప్పుడు పక్కనున్న మంచి గుడ్డను కూడా చీల్చుకుపోతుంది. పైగా కాస్త ఎక్కువ రాస్తే పల్చటి పూతను తినేసి నేత బయటపెడుతుంది. ఫెవిక్విక్, ఎం-సీల్‌లదీ ఇదే కథ, రెండూ రాయిలా గట్టిపడేవే.

సిలికాన్ సీలెంట్ గురించి ఒక్క మాట: వద్దు. పీవీసీకి సరిగా పట్టదు సరే, ఒకసారి రాశాక మిగిలే పల్చటి పొర మీద ఇంకే గమ్మూ పట్టదు. మిగతావి విఫలమైతే మళ్లీ ప్రయత్నించొచ్చు, సిలికాన్ ఆ అవకాశం కూడా తీసేస్తుంది.

ఇక పనికొచ్చేవి. ఇంట్లో చేసుకోవడానికి నేను ముందు నిలబెట్టేది మెత్తటి వినైల్ (అంటే పీవీసీయే) కోసం చేసిన గమ్ము. వేడర్ కొన్నప్పుడు పెట్టెలో చిన్న ట్యూబు, ఒకటి రెండు గుడ్డముక్కలు వస్తాయి చూడండి, అదే ఇది. పారేయకండి. అది ఎండిపోయి ఉంటే గాలి పడవలకు, పిల్లల స్విమ్మింగ్ పూల్స్‌కు అమ్మే పీవీసీ రిపేరు కిట్ తెప్పించుకోవచ్చు. ఇది పూతను కాస్త కరిగించి పట్టుకుంటుంది, ఆరాక కూడా మెత్తగా ఉంటుంది. గాలి పడవలకు వాడే రెండు భాగాల పాలీయురేతేన్ (పీయూ) గమ్ము ఇంకా బలమైనది, వేడికి లొంగదు. కానీ కలిపాక గడువులోపే వాడేయాలి, ఒక్క ముల్లు చిల్లుకు అంత అవసరం లేదు.

చెప్పులు బాగుచేసే ఆయన్ని అడగడం కూడా తప్పేం కాదు. పీవీసీ సోలు అతకడానికి చెప్పుల పనిలో పీయూ గమ్ము వాడతారు, కారణం పైన చెప్పిన ప్లాస్టిసైజరే. ఆయన దగ్గర ఉన్నది పీయూనా, మామూలు పసుపుపచ్చ గమ్మా అని డబ్బా చూసి అడగండి. పీయూ అయితే, చేయి తిరిగిన మనిషి అయితే, మీరు ఇంట్లో చేసుకునే దానికన్నా నీటుగా వస్తుంది.

జానెడు చిరుగుకు నా ఓటు ఫ్లెక్సీ షాపుకు. ఫ్లెక్సీ బ్యానరంటే ఏమిటి? పాలిస్టర్ నేతకు రెండు వైపులా పీవీసీ పూత. పెద్ద హోర్డింగుల ఫ్లెక్సీలను వాళ్లు వేడిగాలి మెషీన్‌తో అతుకుతారు, గమ్ము లేకుండా పూతకు పూత కరిగి ఒకటైపోతుంది. లారీ టార్పాలిన్లు చేసే కొన్ని షాపుల్లోనూ ఈ మెషీన్ ఉంటుంది. వేడర్ చూపిస్తే మొదట "ప్యాంట్లు మేం చెయ్యమండీ" అంటారు. "ఇదీ మీ ఫ్లెక్సీ గుడ్డే తమ్ముడూ, చెయ్యి పెట్టి చూడు" అని పూత వైపు తిప్పి చూపిస్తే ఒప్పుకునేవాళ్లు దొరుకుతారు. మెషీన్ నేరుగా వేడర్ మీద పెట్టనివ్వకండి, ముందు పాత ముక్క మీద వేడి చూసుకోమనండి. వేడర్ పూత ఫ్లెక్సీ కన్నా పల్చన కావచ్చు, క్షణం ఎక్కువైతే గుడ్డ ముడుచుకుపోతుంది. లోపల చెక్క ముక్క పెట్టి, అవతలి గుడ్డ అంటుకోకుండా చూసుకోవాలి. ప్యాచ్‌కు టార్పాలిన్ ముక్కే అడగండి, బ్యానరు ముక్క బిరుసు.

రొయ్యల చెరువుల వాళ్లకు ఇక్కడో హెచ్చరిక. చెరువులో పరిచే నల్ల లైనర్‌ను అతకడానికి వచ్చే కుర్రాళ్ల దగ్గర కూడా వేడి మెషీన్ ఉంటుంది, పనిలో పనిగా వేడర్ కూడా ఇద్దామనిపిస్తుంది. ఆ లైనర్ హెచ్‌డీపీఈ, అంటే పాలిథిన్ రకం ప్లాస్టిక్, పీవీసీ కాదు. లైనర్ ముక్కను పీవీసీకి ఎంత వేడిచేసినా అతకదు, రెండూ కరిగి విడిపోతాయి. నీలం పట్టా ముక్కదీ అదే సంగతి.

గట్టు మీద ఉన్నపళాన గండం గడవాలంటే ఇంటి కప్పు లీకులకు అమ్మే బ్యూటైల్ టేపు ఉంచుకోండి. పొడిగా తుడిచి, గట్టిగా అదిమితే ఆ పూట గడుస్తుంది. వెండి రేకు ఉన్నది మడతల దగ్గర చీలుతుంది, ఎండకు లోపలి జిగురు పక్కలకు కారుతుంది. ఇంటికొచ్చాక పీకేసి అసలు పని చేయండి.

అతికే పద్ధతి, అంటే గమ్ము కన్నా ముఖ్యమైనది

గమ్ము సరైనదే అయినా ప్యాచ్ ఊడిందంటే సాధారణంగా తప్పు శుభ్రం చేయడంలోనే ఉంటుంది. చెరువు వేడర్ మీద నాచు జిగట, సున్నం, మేత నూనె పొరలా పట్టి ఉంటాయి, కంటికి కనపడవు. సబ్బుతో కడిగి, పూర్తిగా ఆరాక, స్పిరిట్ తడిపిన తెల్లగుడ్డతో తుడవండి. గుడ్డకు మురికి అంటడం ఆగేదాకా తుడవాలి. తర్వాత సన్న ఎమెరీ పేపరుతో పూత మెరుపు పోయేంత వరకే రుద్దండి, నేత కనపడకూడదు. దుమ్ము మళ్లీ తుడవండి.

ప్యాచ్ చిల్లు అంచు నుంచి అన్ని వైపులా 3 సెంటీమీటర్లయినా రావాలి, మూలలు గుండ్రంగా కత్తిరించాలి. కోణం ఉన్న మూల ఎక్కడుంటే అక్కడే మొదట లేస్తుంది. గమ్ము రెండు వైపులా పల్చగా రాసి, ట్యూబు మీద చెప్పినంతసేపు ఆగి, వేలి వెనకవైపు ఆనిస్తే అంటీ అంటనట్టు ఉన్నప్పుడు మధ్య నుంచి అంచులకు గాజు సీసా దొర్లిస్తూ అతకండి. మీద చెక్క, దాని మీద బరువు. 24 గంటలు నీళ్లలో దిగకండి. అందరూ దొంగతనం చేసేది ఈ ఒక్క రోజులోనే.

కాలం కూడా చూసుకోవాలి. మే మధ్యాహ్నం గమ్ము పైన చర్మం కట్టేసి లోపల పచ్చిగా ఉండిపోతుంది, అప్పుడు పొద్దున్నే చేయండి. వానాకాలం ముసురులో ఇంకో ఇబ్బంది: సాల్వెంట్ ఆవిరైపోతూ గమ్మును చల్లబరుస్తుంది, ఆ చల్లదనానికి గాలిలోని తేమ దాని మీద తెల్లటి మంచులా పడుతుంది. ఆ మసక మీద అతికితే పట్టు ఉండదు. ఫ్యాన్ కింద, పొడిగదిలో చేసుకోండి. ఈ గమ్ముల ఆవిరికి మంట అంటుకుంటుంది, వంటింట్లో వద్దు, బీడీ, సిగరెట్ దగ్గర్లో వద్దు.

కుట్టు, బూటు అతుకు

గుడ్డ మధ్యలో చిల్లు సులువు. గజ్జల దగ్గర నాలుగు కుట్లు కలిసేచోట, మోకాలి లోపలి వైపు, బూటు మొదట్లో వచ్చే లీకులు మొండివి. అక్కడ గుండ్రటి ప్యాచ్ కూర్చోదు, మిట్ట మీద వంతెన కట్టినట్టు కింద సందు మిగులుతుంది. ఇలాంటి చోట ప్యాచ్ బదులు చిక్కటి యురేతేన్ సీలర్ కుట్టు వెంట లోపలి నుంచి రాయడమే నయం. ఆక్వాసీల్ లాంటివి ఈ పనికే ఉన్నాయి, ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి. అది గాలిలోని తేమతోనే గట్టిపడుతుంది కాబట్టి మన ఉక్కపోత ఇక్కడ మాత్రం కలిసొస్తుంది. రాత్రి రాస్తే తెల్లారేసరికి రబ్బరులా సాగుతూ ఉంటుంది. ధర చూస్తే గుండె గుభేలుమంటుంది గానీ, తెరిచిన ట్యూబు మూత బిగించి ఫ్రీజర్లో పెడితే చాన్నాళ్లు వస్తుంది. ఇంట్లో వాళ్లకు చెప్పి పెట్టండి.

సూదీ దారంతో కుట్టొద్దు. ఒక చిరుగు మూయబోయి ఇరవై చిల్లులు పెట్టినట్టవుతుంది. చిరుగు మరీ పొడుగై కుట్టక తప్పకపోతే, కుట్టు మీద రెండు వైపులా సీలర్ రాయాలి.

బూటు అతుకు దగ్గర ఒక్క చోట కారితే సీలర్ వేయండి. చుట్టూ విడిపోతుంటే ఆశ వదులుకోండి. నడిచిన ప్రతిసారీ బురద బూటును కిందకు లాగుతుంది, ఆ లాగుడుకు ఇంట్లో రాసిన ఏ గమ్మూ ఆగదు.

నియోప్రీన్, గాలాడే రకం

నియోప్రీన్‌కు పైన నేను వద్దన్న ఎస్ఆర్ గమ్మే నప్పుతుంది, ఎందుకంటే ఇందులో ప్లాస్టిసైజర్ గొడవ లేదు, రెండూ సింథటిక్ రబ్బరు కుటుంబమే. కోత పడితే రెండు అంచులకూ రాసి, ఆరాక, అంచుకు అంచు కలిపి నొక్కితే సరిపోతుంది. పైన యురేతేన్ సీలర్ పల్చటి పూత వేస్తే ఇంకా గట్టి.

గాలాడే గుడ్డకు చిల్లు వెతకడమే తేలిక: తిరగేసి లోపలి వైపు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ రాస్తే చిల్లున్న చోట నల్లటి చుక్క తేలుతుంది. గోర్‌టెక్స్ అనే బ్రాండు లాంటి గుడ్డలకు ఇది బాగా పనిచేస్తుంది. ఆ చుక్క మీద చిటికెన వేలి గోరంత సీలర్ పెడితే చాలు. వేడిగాలి, పీవీసీ గమ్ము, పంక్చర్ సొల్యూషన్ దీని దగ్గరికే రానివ్వకండి.

అతకాలా, కొత్తది కొనాలా

చిల్లుల లెక్క కన్నా గుడ్డ వయసు చూసి నిర్ణయించుకోండి. మోకాలి దగ్గర పిడికెడు గుడ్డ పట్టి మడిచి, గట్టిగా నొక్కి వదలండి. మడత గీత తెల్లబడి, సన్న పగుళ్లు కనపడితే మెత్తదనం ఆవిరైపోయినట్టే. ఇవాళ ఒక చోట అతికితే రేపు పక్కన కారుతుంది, దాని మీద ఖర్చు దండగ. గుడ్డ మెత్తగా ఉండి ముళ్లు, గుల్లలు చేసిన చిల్లులు ఐదారున్నా అతకడమే లాభం. రేకుల షెడ్డులో మడిచి పడేసిన వేడర్ ఏడాదికే పగుళ్లు తేలొచ్చు. కడిగి, నీడలో తలకిందులుగా వేలాడదీస్తే అదే వేడర్ చాలా కాలం వస్తుంది.

అతికిన వేడర్‌తో మొదటిసారి దిగేటప్పుడు నడుము బెల్టు బిగించుకుని, మోకాలి లోతులోనే కాసేపు నిలబడి చూసుకోండి. కాలు జారి పడినా బెల్టు ఉంటే నీళ్లు లోపలికి గబగబా చేరవు. నీళ్లు నిండిన వేడర్‌తో గట్టెక్కడం చాలా కష్టం. చెరువులో నీళ్లకు గాలి కలిపే ఏరియేటర్ తిరుగుతుంటే వేడర్ ఉంది కదా, కరెంటు కొట్టదులే అనుకోవద్దు. చిన్న చిల్లు చాలు, ముందు మెయిన్ ఆపి అప్పుడే దిగండి.

కొత్తది కొన్నా పాతదాన్ని పాత సామాన్లవాడికి వేసేయకండి. తొడల దగ్గర గుడ్డ అరగకుండా ఉంటుంది. బాగున్నంత మేర కత్తిరించి చుట్టి దాచుకుంటే, కొత్తదానికి ప్యాచ్‌గా అచ్చం అదే మందం, అదే పూత ఉన్న ముక్క మీ ఇంట్లోనే ఉంటుంది.